పిట్టగోడ దగ్గర

ఆ ఏడు భోగి శనివారం వచ్చింది. 2023 జనవరి 14. మా పెద్దమండ్యంలో తెల్లారకముందే పాత చాపలు, విరిగిన తట్టలు, చీపురుకట్టలు మంటలో వేసి చలి కాచుకుంటున్నాం. పిల్లలు వీధికుక్కను కూడా పిలిచి మంట దగ్గర పడుకోబెట్టినారు. అదే రోజు హైదరాబాదులో, నిమ్స్ ఆసుపత్రిలో, 23 ఏళ్ల కుర్రాడొకడు కన్నుమూశాడు. మూడు రోజుల ముందు, బుధవారం నాడు, బంజారాహిల్స్‌లో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తుకు ఎవరో అడిగిన అన్నం పొట్లం ఇవ్వడానికి పోయి కింద పడినవాడు.

పడినవాడు అని ఒక్క మాటలో రాసేస్తే కథ అయిపోతుంది. పత్రికల్లో అంతకన్నా పెద్దగా రాలేదు. అయినా ఆ ఒక్క మాట వెనక కొన్ని క్షణాలు ఉన్నాయి. బెల్లు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. తెరుచుకున్న తలుపులోంచి జర్మన్ షెపర్డ్ కుక్క మొరుగుతూ మీదికొచ్చింది. పరుగు పెట్టాడు. అపార్టుమెంటు వరండాలో పరుగుకు దారి ఎంతుంటుంది? నాలుగు తలుపులు, నాలుగు చెప్పుల గూళ్లు, ఆ తర్వాత పిట్టగోడ. దాన్ని దాటబోయాడు. పట్టు తప్పింది.

చేతిలోని పొట్లం ఏమైందని ఎవరూ రాయలేదు. నాకు మాత్రం చాన్నాళ్లు అదే కళ్లముందు మెదిలింది. మనిషి కింద, అన్నం పైన.

పేరు రాయను. పేరు పత్రికల్లో వచ్చింది, తల్లిదండ్రులు పెట్టుకున్న పేరు, ఇప్పుడు దాన్ని మళ్లీ మళ్లీ తవ్వడం వాళ్లకు మేలు చేయదు. ఆ వయసు కుర్రాళ్లు మా మదనపల్లె చుట్టుపక్కల ఇంటికొకడు ఉన్నాడని చెబితే చాలు. వాన పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. టమోటా ధర ఉంటే పండగ, లేకపోతే లారీ బాడుగ కూడా గిట్టక తోట్లోనే వదిలేసే పంట. ఇట్లాంటి మెట్ట మండలాల్లో పెరిగిన పిల్లలు పదో తరగతో ఇంటరో అయినాక బెంగళూరు బస్సెక్కుతారు, కొందరు హైదరాబాదు పోతారు. అక్కడ వాళ్లకు మొదట దొరికేది బండి, సెల్లు, వీపున చదరపు సంచి. కంపెనీలు వాళ్లను పనివాడు అనవు. కూలివాడనీ అనవు. పార్టనర్ అంటాయి. అంటే భాగస్వామి. మా ఊళ్లో భాగస్వామి అంటే బావిలో వాటా, పంటలో పాలు ఉన్నవాడు. ఈ భాగస్వామికి దేంట్లో వాటా ఉందో ఆ మూడో అంతస్తు దగ్గర తెలిసింది.

అది మాటల గారడీ మాత్రమే కాదు, చట్టంలో దానికి బరువుంది. పనివాడు పని మీద ఉండగా దెబ్బ తగిలినా, చచ్చిపోయినా యజమాని నష్టపరిహారం ఇవ్వాలని 1923 నుంచీ ఈ దేశంలో చట్టం ఉంది. అందులో తప్పెవరిదని కూడా పెద్దగా తవ్వరు. పని మీద ఉన్నాడా, పని వల్ల జరిగిందా, అంతే. కుక్కను చూసి పారిపోతూ పడినవాడు పని మీద లేడని ఎవరంటారు? కానీ ముందు వాడు పనివాడు కావాలి కదా. పార్టనర్ అన్నాక ఆ తలుపు మూసుకుంటుంది. గిగ్ కార్మికుడు అనే మాట 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో మొదటిసారి చట్టంలోకి ఎక్కింది. ఆ స్మృతి అమల్లోకి వచ్చేసరికి 2025 నవంబరు అయింది. భోగి నాడు పోయినవాడికి అది అందలేదు.

టీవీల్లో ఆ వారం చర్చలు జరిగాయి. ఎక్కువమంది అడిగింది ఒకే ప్రశ్న: ఎందుకు దూకాడు? నిలబడి ఉంటే ఏమయ్యేది? పెంపుడు కుక్క, మొరుగుతుంది, వాసన చూస్తుంది, వెళ్లిపోతుంది. అదే మాట మా ఊరి టీకొట్టు దగ్గర కూడా విన్నాను. అన్నవాడి చేతిలో గ్లాసు ఉంది, కాళ్ల కింద నేల ఉంది. మూడో అంతస్తులో కొత్త మనిషి కాళ్ల కింద నేల ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

కుక్క భయం గురించి మన పెద్ద కథ ఒకటి ఉంది. మహాభారతం ఆదిపర్వం మొదట్లోనే వస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవతల కుక్క కొడుకు ఆడుకుంటూ అటు వచ్చాడు. ఏ తప్పూ చేయలేదు, హవిస్సు నాకలేదు. అయినా రాజు తమ్ముళ్లు వాణ్ని కొట్టారు. ఏడ్చుకుంటూ పోయి తల్లికి చెప్పాడు. సరమ నేరుగా రాజు దగ్గరికొచ్చి అడిగింది, తప్పు చేయని నా కొడుకును ఎందుకు కొట్టారని. రాజు దగ్గర జవాబు లేదు. అప్పుడు సరమ శాపం పెట్టింది: ఊహించని భయం నీకు వచ్చిపడుతుందని. రోగం కాదు, చావు కాదు, రాజ్యం పోవడమూ కాదు. భయం. భారతం అంత పెద్ద గ్రంథం, దాని వాకిట్లోనే ఒక కుక్క ఫిర్యాది, ఒక రాజు ముద్దాయి, శిక్ష ఏమో భయం. ఎక్కడినుంచి వస్తుందో తెలియని భయమే అన్నిటికన్నా పెద్ద దెబ్బ అని ఆ కథ చెప్పినవాడికి తెలుసు. టీవీ చర్చల్లో కూర్చున్నవాళ్లకు తెలిసినట్టు లేదు.

మా ఊళ్లో నేను చిన్నప్పుడు కుక్కకూ మనిషికీ మధ్య చట్టం రాలేదు. 1980లలో జరిగిన మాట ఒకటి చెబుతాను. మా పెద్దమ్మ ఒక రైతు కల్లంలో వేరుశనగ కాయలు విదిలించడానికి కూలికి పోయింది. రాత్రి కాయల కుప్పకు కాపలా ఉండే కుక్క, పొద్దున గొలుసు విప్పడం ఆలస్యమైందో, తొందరగా విప్పినారో, ఆమె పిక్క పట్టుకుంది. అక్కడున్నవాళ్లు గాయం మీద సున్నం మెత్తి, మిరప్పొడి అద్దినారు. అప్పటి వైద్యం అది. మంట పుడితే విషం దిగుతుందని నమ్మకం. మంట మాత్రం ఆమెదే.

రచ్చకట్ట మీద పంచాయితీ అయింది. పెద్దమనుషులు తేల్చినది చాలా చిన్న మాట.

"నోరు లేని జీవికి తెలుసునా, పాపం. బస్సు చార్జీ పెట్టుకో రెడ్డీ, సరిపోతుంది."

రైతు చెడ్డవాడు కాదు. బస్సు చార్జీ ఇచ్చినాడు, సేరు కాయలు కూడా ఇచ్చినాడు. కానీ ఆ రోజుల్లో కుక్క మందంటే బొడ్డు చుట్టూ సూదులు, పద్నాలుగు. గొర్రె మెదడు నుంచి చేసే మందు అది. డేవిడ్ సెంపుల్ అనే తెల్ల డాక్టరు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కసౌలీలో కనిపెట్టినది, మన దేశంలో 2000 దాటాకే దాన్ని పక్కన పెట్టినారు. మా పెద్దమ్మ పద్నాలుగు రోజులు మదనపల్లె పోయి వచ్చింది. పద్నాలుగు రోజుల కూలి పోయింది. ఆ కూలి ఎవరు కడతారని రచ్చకట్ట మీద ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. పది రోజులు కుక్కను చూడండి, బతికుంటే భయం లేదు అన్నారు. కుక్క బతికే ఉంది. పద్నాలుగో సూదప్పుడు కూడా ఆమె దాని గురించే అడిగింది, తింటా ఉండాదా అని.

ఇప్పుడు తలుచుకుంటే ఆ పంచాయితీలో పెద్దమనుషులకు తెలియకుండానే ఇంగ్లండు కోర్టుల పాత సూత్రమొకటి పలికింది. పెంపుడు జంతువు చేసిన గాయానికి యజమాని బాధ్యుడు కావాలంటే, ఆ జంతువుకు అలాంటి గుణం ఉందని అతనికి ముందే తెలిసి ఉండాలి అనేది ఆ సూత్రం. వకీళ్లు దాన్ని సరదాగా మొదటి కాటు మాఫీ అంటారు. పులిని పెంచుకుంటే ఆ మాఫీ లేదు, పులి పులేనని అందరికీ తెలుసు. కుక్క మాత్రం కరిచేదాకా సాధువు. ఇంగ్లండు వాళ్లు 1971లో దీన్ని చట్టంగా రాసి కొంత మార్చుకున్నారు. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మన సివిల్ కోర్టులు ఆ పాత న్యాయాన్నీ, నిర్లక్ష్యం అనే మరో కొలతనూ కలిపి చూస్తాయి. కుక్క గుణం తెలియకపోయినా సరే, తెలివైన మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకున్నావా అని అడుగుతాయి. గొలుసు, మూతి తొడుగు, గేటుకు బోర్డు, తలుపు తీసే ముందు కుక్కను లోపలి గదిలో పెట్టడం. ఇవన్నీ ఆ ప్రశ్నకు జవాబులే.

క్రిమినల్ వైపు ఇంకా సూటిగా ఉంటుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 289వ సెక్షన్. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికో శరీరానికో ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1860లో వెయ్యి రూపాయలంటే పల్లెలో ఇల్లూ వాకిలీ. ఆ అంకె 160 ఏళ్లు కదల్లేదు. 2023 నాటికి అది బంజారాహిల్స్‌లో ఇద్దరి రాత్రి భోజనం, పైన డెలివరీ చార్జీ. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అదే నేరం 291వ సెక్షన్ అయింది, జరిమానా 5,000 అయింది, జైలు మాత్రం ఆ ఆరు నెలలే.

కుర్రాడు చనిపోయాక పోలీసులు 304-ఏ కింద కేసు పెట్టారు. నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం. రెండేళ్ల దాకా శిక్ష పడే సెక్షన్ అది. ఇప్పుడైతే న్యాయ సంహిత 106వ సెక్షన్, ఐదేళ్లు. వినడానికి కేసు నిలబడినట్టే ఉంది. కానీ 304-ఏలో ఒక ముడి ఉంది, సుప్రీంకోర్టు వేసిన ముడి. బొంబాయిలో రంగుల ఫ్యాక్టరీ ఒకటి అంటుకుని ఏడుగురు పనివాళ్లు కాలిపోయారు. లైసెన్సు నిబంధనలు పాటించలేదు నిజమే, కానీ ఆ తప్పు ఈ చావులకు నేరుగా, వెంటనే కారణమైందా, లేక దూరం నుంచి కారణమైందా అని 1965లో కోర్టు అడిగింది. నేరుగా కాదని తేల్చి ఆ సెక్షన్ నుంచి ఫ్యాక్టరీ మేనేజరును తప్పించింది. అప్పటినుంచి 304-ఏ కేసు వచ్చిన ప్రతిచోటా ముద్దాయి వకీలు పట్టుకునే మొదటి కొమ్మ అది. బంజారాహిల్స్ కేసుకు దాన్ని తొడిగి చూడండి. చంపింది కుక్క పన్ను కాదు. చంపింది నేల. కుక్కకూ నేలకూ మధ్య ఉన్నది ఆ కుర్రాడి సొంత కాళ్లు. నేరుగా కారణం ఏది?

దీనికి జవాబు మన దగ్గర కాదు, రెండు వందల ఏళ్ల నాటి ఒక గుర్రపు బండి మీద ఉంది. 1816లో ఇంగ్లండులో జోన్స్ అనే ప్రయాణికుడు బండి పైకప్పు మీద కూర్చుని పోతున్నాడు. గుర్రాల పగ్గం తెగింది. బండి తిరగబడుతుందని భయపడి కిందికి దూకాడు, కాలు విరిగింది. చివరికి బండి తిరగబడనే లేదు. పైనే కూర్చుని ఉంటే అతనికి ఏమీ అయ్యేది కాదు. బండి యజమాని అదే అన్నాడు, నువ్వెందుకు దూకావని. న్యాయమూర్తి ఎలెన్‌బరో ఆ ప్రశ్నను తిరగేశాడు. నీ నిర్లక్ష్యం అతన్ని ఆ ఇరకాటంలోకి నెట్టింది, ఆ క్షణంలో బుద్ధిమంతుడైనా అలాగే దూకి ఉండేవాడా అన్నదే చూడాలి అన్నాడు. జోన్స్ గెలిచాడు. వకీళ్ల పుస్తకాల్లో ఈ కేసు ఇప్పటికీ బతికే ఉంది. భయంతో తీసుకున్న నిర్ణయాన్ని తీరిగ్గా కూర్చుని తప్పు పట్టకూడదు అనే న్యాయం అది. క్రిమినల్ కేసు ఏమైనా కానీ, నష్టపరిహారం దావాలో ఈ న్యాయం పనికొస్తుంది. టీకొట్టు దగ్గర గ్లాసు పట్టుకున్నవాడికి కూడా పనికొస్తుంది, వింటే.

పరిహారం అన్నాక ఇంకో విడ్డూరం చెప్పాలి. ఆ పాత ఇంగ్లండు న్యాయంలోనే, మనిషి కాలు విరిగితే దావా ఉంది, ప్రాణం పోతే లేదు. చచ్చినవాడితో పాటు దావా కూడా చచ్చిపోయేది. రైళ్లొచ్చి చావులు పెరిగాక వాళ్లు 1846లో దీన్ని సరిదిద్దుకున్నారు. ఆ తర్వాత మన దేశంలో 1855లో ఫాటల్ యాక్సిడెంట్స్ యాక్ట్ వచ్చింది. ఇంకా అమల్లో ఉంది. ఇతరుల నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు పరిహారం అడగొచ్చు. రోడ్డు ప్రమాదమైతే ట్రిబ్యునల్ ఉంది, బీమా కంపెనీ ఉంది, మదనపల్లె కోర్టు ఆవరణలో ఆ కేసుల మీదే బతికే వకీళ్లున్నారు. కుక్క కేసుకు అవేవీ లేవు. మామూలు సివిల్ దావా వేయాలి, అడిగే సొమ్మును బట్టి కోర్టు ఫీజు కట్టాలి. కట్టలేనివాడికి పాపర్ దావా అనే దారి ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ప్రభుత్వమే పెడుతుంది. మా పెద్దమ్మ రోజుల్లోనే ఈ దారి ఉండి, ఆమెకు తెలిసి ఉంటే పద్నాలుగు రోజుల కూలి అడిగేదా? అడిగేది కాదనుకుంటాను. తెలియకపోవడం వేరు, ఊళ్లో బతకాల్సి రావడం వేరు.

బంజారాహిల్స్ చావుకు నెల తిరిగింది. ఫిబ్రవరి 19న అదే నగరంలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాడిని వీధికుక్కలు చంపేశాయి. ఆ దృశ్యం సీసీ కెమెరాలో పడింది, దేశమంతా చూసింది, తెలంగాణ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. పడాల్సిందే, తీసుకోవాల్సిందే. కానీ ఆ హోరులో మూడో అంతస్తు చావు అడుగున పడిపోయింది. వీధికుక్కకు యజమాని కార్పొరేషన్, పంచాయతీ, ప్రభుత్వం. అందరూ కలిసి తిట్టడానికి సుఖమైన ముద్దాయి. ఇంటికుక్క యజమాని మన పక్క ఫ్లాటులో ఉంటాడు, లిఫ్టులో కనిపిస్తాడు.

ఆ ఏడాది నవంబరులో పంజాబ్ హర్యానా హైకోర్టు ఒక లెక్క కట్టింది. వీధి జంతువుల వల్ల దెబ్బతిన్నవాళ్లు వేసిన 193 పిటిషన్ల మీద తీర్పు అది. కుక్క కాటుకు ఒక్కో పంటిగాటుకు కనీసం 10,000 రూపాయలు, కండ ఊడివస్తే 0.2 సెంటీమీటరు గాయానికి 20,000, కట్టాల్సింది ప్రభుత్వం. ఎవరైనా ఇంత సూటిగా అంకె చెప్పడం మంచిదే, గాలిలో తేలే న్యాయం నేలకు దిగినట్టుంటుంది. చదివినప్పుడు మాత్రం నేను ఆ కుర్రాడికి లెక్క కట్టి చూశాను. అతని చావులో లెక్కపెట్టడానికి పంటిగాటు లేదు. పదివేలు ఇంటూ సున్నా.

2023 మే నెలలో మణికొండలో ఇంకొకడు దూకాడు. అతనూ సరుకు ఇవ్వడానికి పోయినవాడే, అక్కడా మూడో అంతస్తే, ఈసారి డాబర్‌మన్. బతికాడు. యజమాని మీద కేసు పెట్టారు. నాలుగు నెలల్లో రెండు దూకుళ్లు, రెండూ మూడో అంతస్తు నుంచి. అప్పుడైనా టీవీవాళ్లు ఎందుకు దూకాడనే ప్రశ్న మానేశారా అంటే, లేదు.

డిసెంబరులో తెలంగాణ కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గిగ్ కార్మికులతో మాట్లాడుతూ బంజారాహిల్స్ కుర్రాణ్ని తలుచుకున్నారు. అతని కుటుంబానికి ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి 2 లక్షలు ప్రకటించారు. గిగ్ కార్మికులకు 5 లక్షల ప్రమాద బీమా వచ్చింది కూడా ఆ సమావేశం తర్వాతే. అంటే ఆ చావు పూర్తిగా ఊరికే పోలేదు. కాకపోతే చూడండి, ఇచ్చినది నిధి. నిధి దయతో ఇస్తారు. హక్కు అడిగి తీసుకుంటారు. ఆ రెండు లక్షల్లో కుక్కకు గొలుసు ఎందుకు లేదనే ప్రశ్నకు ఒక్క రూపాయి కూడా లేదు.

ఆ తలుపు తీసిన ఇంటి గురించి కూడా ఒక మాట. ఆ ఇంట్లోవాళ్లు ఆ రోజు అన్నం కోసం ఎదురుచూశారు, అంతే. బెల్లు మోగితే ఎవరైనా తలుపు తీస్తారు. కుక్క వాళ్లకు బిడ్డ లాంటిది, ఆ బిడ్డ బయటివాడి కళ్లకు ఏమిటో ఆ క్షణం దాకా వాళ్లకు తట్టి ఉండదు. అదే అసలు సంగతి. కుక్కను పెంచేవాడికి తన కుక్క కనపడుతుంది, ఎదుటివాడికి మొత్తం కుక్క జాతి కనపడుతుంది. అపార్టుమెంటు సంఘాలు కుక్కల్ని పెంచొద్దని తీర్మానం చేయడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే రాసింది. సరే, పెంచుకోండి. పెంచుకునే హక్కు ఎంత ఉందో, తలుపు తీసే ముందు గొలుసు పట్టుకునే బాధ్యతా అంతే ఉంది. ఒక్క గొలుసు చప్పుడు అవతలికి వినపడి ఉంటే, ఆ సంక్రాంతి రెండు ఇళ్లలోనూ పండగే. ఒక ఇంట్లో కొడుకు పోయాడు, ఇంకో ఇంట్లోవాళ్లు నిందితులయ్యారు. కుక్కకు మాత్రం ఏమీ తెలియదు. మా ఊరి పెద్దమనుషులు అన్నది ఆ ఒక్క విషయంలో నిజమే.

మా అక్క కొడుకు బెంగళూరులో ఇదే పని చేస్తున్నాడు, మూడేళ్లయింది. ఊరికొచ్చినప్పుడు పంచలో కూర్చుని తన పిక్క చూపించినాడు. రెండు గుంటలు, నల్లబడిన మచ్చలు.

"ఎప్పుడురా?"

"పోయిన ఆడిమాసంలో మామా. పగ్ కుక్క. ఇంతే ఉంటాది. సిగ్గేసి ఎవురికీ చెప్పలా."

"కడిగినావా?"

"యాడ కడిగేది? ఇంకా మూడు ఆర్డర్లు ఉండె."

కోపమొచ్చింది. వచ్చిన కోపమంతా పాఠంగా మారింది, ముసలితనం మొదలైనాక ఇదొక జబ్బు. చిన్న కుక్కయినా పెద్ద కుక్కయినా ముందు సబ్బూ నీళ్లతో పదిహేను నిమిషాలు ధార కింద పెట్టాలన్నాను. సున్నం వద్దు, కారం వద్దు, కట్టు కట్టొద్దు. సర్కారు ఆసుపత్రిలో సూది ఊరికే వేస్తారు, ఇప్పుడు బొడ్డు చుట్టూ కాదు, చేతికే, ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవైఎనిమిదో రోజు. పన్ను చర్మం చీల్చుకుని దిగి ఉంటే గాయంలోనే ఇంకో మందు వేస్తారు. రేబిస్ పైకి తేలినాక మందు లేదు, చావే. ఆసుపత్రి చీటీలో కుక్క కరిచిందని, ఏ ఇంటి కుక్కో రాయించుకో. గాయానికీ, ఆ ఇంటి గుమ్మానికీ సెల్లులో ఫోటో తీసుకో. యాప్‌లో ఆర్డరు వివరాలు చెరిపేయొద్దు, నువ్వు ఆ సమయానికి ఆ తలుపు దగ్గర ఉన్నావనేదానికి అదే సాక్షి. పోలీసు స్టేషన్లో కాగితం ఇచ్చి రసీదు తీసుకో. పోయిన రోజుల కూలి లెక్క రాసిపెట్టుకో. కుక్క యజమాని బిల్లు కడతానంటే తీసుకో, కానీ దేని మీదా సంతకం చేయొద్దు.

వాడు అన్నీ విన్నాడు. నవ్వినాడు.

"ఇవన్నీ చేస్తే రేటింగు పడిపోతాది మామా. పడితే ఆర్డర్లు రావు."

రచ్చకట్ట మీద మా పెద్దమ్మ అనకుండా మింగిన మాటే అది, ఇంకో భాషలో. ఊళ్లో బతకాల. నేను ఇంకేమీ అనలేకపోయినాను. అక్క లోపలినుంచి అన్నానికి పిలిచింది. వాడు లేస్తూ, నాకు ధైర్యం చెప్పాలనుకున్నాడేమో, అన్నాడు:

"నువ్వు దిగులు పెట్టుకోకు. ఇప్పుడు ముందే ఫోన్ చేసి అడుగుతా, సార్ కుక్క ఉండాదా అని. బెల్లు కొట్టి నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడతా. పై అంతస్తయితే గోడకు ఆనుకుంటా. పిట్టగోడ వైపు నిలబడను."